వినపడేంత గొంతు

మొదలుపెట్టిన నాడు తటవర్తి కామేశం చేతిలో ఉన్నవి ఇవి: ఆకివీడు రైలుగేటు పక్కన ఏరియేటర్లు, మోటార్లు అమ్మే కొట్టు, కొట్టు వెనక గోడౌను, గోడౌను మీద రేకుల గది, ఆ గదిలో పొద్దస్తమానం ఏదో ఒకటి అతికిస్తూ కూర్చునే మేనకోడలు సుభాషిణి, ఆమె చేసిన నలభై రెండు బెండ్లు. వీటన్నిటికంటే విలువైనది ఇంకొకటి ఉంది కానీ ఆయన దాన్ని లెక్కలో వేసుకోలేదు. చుట్టుపక్కల చెరువుల మీద ముప్ఫై ఏళ్ళుగా ఆయన మాటకి తిరుగులేదు. "శెట్టిగారు పనికొస్తదన్నారు" అంటే చాలు, ఆ వస్తువు గట్టెక్కేది.

కొల్లేటి చుట్టూ ఉన్న రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు ఆగకుండా తిరగాలి. అవి నీళ్ళు చిలికి గాలి కలపకపోతే రొయ్యకి ఊపిరాడదు. వాటి కరెంటు తీగలు నీళ్ళ మీదుగానే పోతాయి. ఎలుక కొరికిన చోటో, ఎండకి పగిలిన చోటో తొడుగు ఊడి కరెంటు నీళ్ళలోకి దిగుతుంది. అది కంటికి కనపడదు. తాడు సర్దడానికి దిగిన మనిషికి తెలుస్తుంది గానీ, తెలిశాక చెప్పడానికి అతను ఉండడు. ప్రతి పంటకీ ఇద్దరో ముగ్గురో అలా పోతారు. పేపరు లోపలి పేజీలో నాలుగు లైన్లు వస్తాయి.

సుభాషిణి చేసిన బెండు కొబ్బరిచిప్పంత ఉంటుంది. నీళ్ళలో తేలుతుంది కాబట్టి అందరూ దాన్ని బెండనే పిలిచారు. అడుగున రెండు ఇత్తడి కాళ్ళు. నీళ్ళలోకి కరెంటు దిగిన క్షణాన వాటికి తెలిసిపోతుంది. బెండు ఆ సంగతి గట్టు మీది పెట్టెకి రేడియోలో చెబుతుంది, పెట్టె స్టార్టరుని పడగొడుతుంది. గుండె ఒకసారి కొట్టుకునేలోపు చెరువంతటా కరెంటు ఆగిపోతుంది.

చిక్కంతా బ్యాటరీతోనే. ఏ ప్రమాదమూ లేనప్పుడు కూడా బెండు పది సెకన్లకొకసారి "ఉన్నాను" అని పెట్టెకి చెబుతుండాలి. అలా చెప్పీ చెప్పీ ఆరు వారాలకి చచ్చిపోయేది. మూత తీసి కొత్త బ్యాటరీ వేస్తే ఉప్పునీరు లోపలికి పోయి బెండే పోయేది.

ఒక మధ్యాహ్నం సుభాషిణి మెట్లు దిగివచ్చి కొట్టు గడప మీద కూలబడింది. లోపల కామేశం బల్లకి అవతల ఉన్న రైతుతో పెదవులు కదిలీ కదలకుండా బేరమాడుతున్నాడు. మధ్యలో రోడ్డవతల ఉన్న బండివాణ్ణి ఊరు అదిరేలా కేకేశాడు. మళ్ళీ తిరిగి రైతుతో గుసగుస.

"మావయ్యా, నీకు ఎన్ని గొంతులున్నాయి?" అంది.

"ఒకటే ఉందమ్మా. ఎవడికి ఎంత వినపడాలో అంత వాడతాను. ఈయనకి చెప్పేది అరిచి చెబితే పక్క కొట్టువాడు వింటాడు, సాయంత్రానికి నా గొంతూ పోద్ది."

సుభాషిణి అక్కణ్ణుంచి లేచి పైకి వెళ్ళింది. ఎనిమిది రోజులపాటు భోజనం కూడా పైకే పంపాల్సి వచ్చింది.

తొమ్మిదో రోజున బెండుకి బేరగాడి తెలివి వచ్చింది. మొదట గట్టిగా "ఉన్నాను" అంటుంది. పెట్టె "విన్నాను" అంటుంది. తరవాతి సారి బెండు గొంతు ఒక మెట్టు తగ్గిస్తుంది. అప్పుడూ జవాబు వస్తే ఇంకో మెట్టు. జవాబు రాని చోట ఆగి, ఒక మెట్టు పైకెక్కి, అక్కడ నిలబడుతుంది. గాలి మారినా, వాన పడినా, అడ్డంగా గేదె నిలబడినా మళ్ళీ సరిచూసుకుంటుంది. ఎంత దూరానికి ఎంత గొంతో అంతే ఖర్చు. ఆరు వారాల బ్యాటరీ పద్నాలుగు నెలలకి పెరిగింది. దీనికి తోడు సుభాషిణి ఇంకో రెండు నియమాలు రాసింది. కరెంటు దిగిన కబురు మాత్రం ఎప్పుడూ నిండు గొంతుతోనే చెప్పాలి. వరసగా మూడుసార్లు బెండు మాట వినపడకపోతే పెట్టె కరెంటు కొట్టేయాలి.

"బెండు నిజంగా బాగానే ఉండి, మాట వినపడకపోతే?" అన్నాడు కామేశం.

"తెలీనప్పుడు ప్రమాదం ఉన్నట్టే లెక్క మావయ్యా."

మొదటి బెండు గాదిరాజు నరసింహరాజు గారి నాలుగో నంబరు చెరువులో పడింది. ఆ చెరువు కాపలాదారు నేతల దానియేలు. కామేశం కొట్టు పెట్టిన కొత్తలో మోటార్లు మోసిన మనిషి. కోసిన తీగ ఒకటి నీళ్ళలోకి వదిలారు. టక్కుమని పెట్టె పడింది, ఏరియేటర్లు నీళ్ళు కార్చుకుంటూ ఆగిపోయాయి. గట్టు మీదున్న పదిమందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు తప్ప ఎవరూ కొంటామనలేదు.

దానియేలు లుంగీ ఎగ్గట్టాడు. "మళ్ళీ పెట్టండి శెట్టిగారూ. ఈసారి నేను దిగుతాను."

"వద్దు. యంత్రం మీద ఒట్టేసి చెప్పలేను నేను," అంది సుభాషిణి.

"మీరు ఒట్టేయకండి అమ్మాయిగారూ. నేను దిగితేనే గానీ ఈళ్ళు నమ్మరు." ఆమె చెయ్యి అడ్డం పెట్టేలోపు మొలలోతు నీళ్ళలో ఉన్నాడు. తీగ తగిలింది, పెట్టె పడింది. దానియేలు నవ్వుతూ బయటికొచ్చాడు. "చీమ కుట్టినట్టయిందండి, అంతే. మా సలోమికి చెప్పకండి, అన్నం పెట్టదు."

నలభై రెండు బెండ్లూ ఆ నెలలోనే అయిపోయాయి.

తరవాత జరిగినదాంట్లో కామేశం వాటా ఉంది. దాన్ని ఆయన ఎవరి మీదకీ నెట్టలేదు.

ఒక ముసురు మధ్యాహ్నం నరసింహరాజు గారి రెండో చెరువులో బెండు మాట వానకి చెదిరి, పెట్టె కరెంటు కొట్టేసింది. కాపలా మనిషి అన్నానికి వెళ్ళాడు. రెండు గంటలు ఏరియేటర్లు ఆగాయి. వలేసి పట్టుబడి చెయ్యడానికి పది రోజులున్న రొయ్య తెల్లగా పైకి తేలింది. రాజుగారు కొట్టుకొచ్చి కుర్చీలో కూర్చోకుండానే మాట్లాడారు.

"కామేశం గారూ, మనుషుల్ని కాపాడుతుందంటిరి, సంతోషమండి. మరి నా చెరువుని చంపమని ఎవరు చెప్పారండి దానికి?"

అప్పటికి బెండు తయారీ ఒక హైదరాబాదు కంపెనీ చేతికి పోయింది. సుభాషిణి సలహాదారు, కామేశం కొల్లేటి ఒడ్డు మొత్తానికీ డీలరు. మాట వినపడనంత మాత్రాన కరెంటు తీసెయ్యొద్దని కామేశమే కంపెనీకి రాశాడు. కంపెనీవాళ్ళకి అది పెళ్ళిపిలుపులా అందింది. వినపడకపోయినా పరవాలేదన్నప్పుడు ఇక పది సెకన్లకొకసారి మాట్లాడటం దేనికి? ఆరు గంటలకొకసారి చాలన్నారు. గొంతు సరిచూసుకోవడమూ అప్పుడే. ప్రమాదం కబురు నిండు గొంతుతో చెబితే వానాకాలపు తప్పుడు కబుర్లకి బ్యాటరీ తినేస్తుందని, అదీ మామూలు గొంతుతోనే చెప్పమన్నారు. ఇలా ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే బ్యాటరీ లెక్క పదేళ్ళకి తేలింది. డబ్బా మీద 'పదేళ్ళు' అని పచ్చ అక్షరాలతో అచ్చేశారు.

సుభాషిణి మూడు పేజీల అభ్యంతరం రాసింది. పంపేముందు మావయ్యకి చూపించింది.

"మాట రాకపోతే అంతా బాగున్నట్టు ఎలా అనుకుంటాం మావయ్యా?"

"వానొచ్చినప్పుడల్లా రొయ్య చస్తే బెండ్లు తీసి గట్టు మీద పారేస్తారమ్మా. అప్పుడు ఏ బెండూ ఉండదు. పదేళ్ళంటే ప్రతివాడూ పెట్టుకుంటాడు. లేనిదానికంటే ఉన్నది మేలు కదా."

అందులో తప్పు పట్టడానికి ఆమెకి వెంటనే ఏదీ తోచలేదు. అభ్యంతరం పైగదిలోనే ఉండిపోయింది. ఆ పంట మొదట్లో పంతొమ్మిది వందల పన్నెండు చెరువుల్లో పదేళ్ళ బెండ్లు దిగాయి. ఒక చెరువు పెట్టె పక్క చెరువు పెట్టెకి చెప్పుకుంటూ, టవరుతో పని లేకుండా, కొల్లేటి ఒడ్డు పొడుగునా పాకిన గుసగుస చివరికి కామేశం కొట్టులోని తెర మీదకి చేరేది. చెరువుకో చుక్క. అన్నీ పచ్చచుక్కలే. వచ్చినవాళ్ళకి కామేశం ఆ తెర చూపించి మురిసిపోయేవాడు.

నాలుగు నెలల తరవాత, పట్టుబడుల కాలంలో, పొద్దున్న పదిన్నరకి రాజుగారు ఫోను చేశారు.

"కామేశం గారూ, దానియేలు పోయాడండి. నాలుగో నంబరులో."

కామేశం తెర వైపు చూశాడు. నాలుగో నంబరు చుక్క పచ్చగా వెలుగుతోంది.

ఆయన వెళ్ళేసరికి మనిషిని గట్టు మీద పడుకోబెట్టారు. పట్టుబడికని ఏరియేటర్లు ఒక్కొక్కటే విప్పుతున్నారట. నాలుగు ఆపి, రొయ్య బతకడానికి రెండు తిరగనిచ్చారట. దానియేలు తాడు విప్పడానికి దిగాడు. తిరుగుతున్నదాని తీగ పడవ అంచుకి ఒరుసుకుని తెగింది.

సలోమి ఏడవడం ఆపి కామేశాన్ని చూసింది. ఆమె గొంతు పెంచలేదు.

"ఇరవై ఏళ్ళు మెయిన్ స్విచ్చి తీసే దిగాడండి మా ఆయన. రాజుగారు ఎంత తిట్టినా మెయిన్ తీయకుండా కాలు తడుపుకోలేదు. మీ బెండొచ్చాక మానేశాడు. శెట్టిగారి బెండుందే, నీకెందుకే భయం అనేవోడు."

కామేశం చెరువులోంచి బెండు తీయించి, తువ్వాల్లో చుట్టి కొట్టుకు తెచ్చాడు.

సుభాషిణి దాన్ని బల్ల మీద పెట్టి లోపలి జ్ఞాపకం చదివింది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది.

"ఇది చెప్పింది మావయ్యా. పది గంటల పద్నాలుగు నిమిషాలకి కరెంటు దిగిందని చెప్పింది. జవాబు రాకపోతే మళ్ళీ చెప్పింది. నలభైసార్లు చెప్పింది. అన్నిసార్లూ అదే గొంతుతో. పెంచడానికి దానికి అనుమతి లేదు."

"పెట్టెకి ఎందుకు వినపడలా? పొద్దున ఆరింటికి వినపడిందిగా?"

అదే ఆమెకి అంతు చిక్కలేదు. పైగదిలో ఆ బెండుకీ పెట్టెకీ మధ్య ఎంత దూరం పెట్టినా, ఎంత అడ్డు పెట్టినా మాట చక్కగా అందుతోంది. రెండు రోజులు తిప్పలు పడింది. మూడో రోజు కామేశం దాన్ని చేతిలో పట్టుకుని నాలుగో నంబరు గట్టు మీదకెళ్ళి నిలబడ్డాడు. యంత్రం సంగతి ఆయనకి తెలీదు, చెరువు సంగతి తెలుసు. ఏదో తక్కువైనట్టుంది. చెరువు బోడిగా ఉంది.

స్టార్టరు గది చూరుకింద వెండిరంగు రిబ్బన్ల చుట్ట ఒకటి కనపడింది.

నీటికాకులు రొయ్య ఎత్తుకుపోకుండా చెరువు మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకి తళతళలాడే రిబ్బన్లు వరసగా కడతారు. గాలికి అవి రెపరెపలాడుతుంటే పిట్ట వాలదు. పట్టుబడి రోజున వలకి అడ్డమని ముందుగా విప్పి చుట్టేస్తారు. చెరువులు పుట్టిన నాటి నుంచీ అంతే. ఆ పొద్దున ఎనిమిదింటికి దానియేలే విప్పి చుట్టాడని పక్క చెరువు మనిషి చెప్పాడు.

సుభాషిణిని రప్పించి, బెండు ఆపకుండా అదే గొంతుతో పలికేలా చేయించి నీళ్ళలో వేయించాడు. పెట్టె పలకలేదు. ఇద్దరూ కలిసి రిబ్బన్లు కట్టారు. నాలుగో వరస కట్టగానే పెట్టె మీద దీపం వెలిగింది. విప్పారు, ఆరిపోయింది. మళ్ళీ కట్టారు, వెలిగింది.

సుభాషిణి రిబ్బను కొస పట్టుకుని చూసింది. "రిబ్బను మీద వెండిపూత ఉంది మావయ్యా. అద్దం మీద ఎండ పడి తిరిగినట్టు, బెండు మాట దానికి తగిలి గట్టు మీది పెట్టె మీద పడుతోంది. మన పైగదిలో రేకులు చేసిందీ అదే. అంత బాగా వినపడుతుంటే బెండు ఏం చేస్తుంది? గొంతు తగ్గించుకుంటూ పోయింది. నాలుగు నెలలు ఆ రిబ్బన్ల చలవన మాట్లాడింది. ఆరింటికి సరిచూసుకుంది. ఎనిమిదింటికి రిబ్బన్లు పోయాయి. మళ్ళీ పన్నెండింటికి గానీ చూసుకోదు."

"అంటే ప్రతి చెరువులోనూ..."

"పట్టుబడి రోజునే. మనుషులు నీళ్ళలోకి దిగే రోజునే మూగదవుతుంది."

ఆరింటికీ పన్నెండింటికీ మధ్య మనిషి పోతే ఆ లెక్కలో వాడు లేడు. డబ్బా మీద పదేళ్ళని రాయడానికి ఆ ఆరు గంటలూ వాడుకున్నారు. కామేశానికి అరికాలి నుంచి మంట లేచింది. ఆ మంటలో సగం తన మీదే.

మర్నాడు కంపెనీ ఏరియా మేనేజరు హర్షవర్ధన్ కారు దిగాడు. ఇస్త్రీ నలగని కుర్రాడు. రిబ్బన్ల సంగతి మొత్తం విని, అంతా రాసుకుని, తన సంచిలోంచి ముందే టైపు చేసి తెచ్చిన కాగితం తీశాడు.

"డీలరుగా మీ సంతకం కావాలి సార్. ఫార్మాలిటీ అంతే. బెండు సక్రమంగా పనిచేసింది, మృతుడు సొంత నిర్ణయంతో పరిసరాలు మార్చాడు. అంతే ఉంటుంది."

"పరిసరాలంటే?"

"రిబ్బన్లు సార్. మాన్యువల్ అరవై ఒకటో పేజీలో ఉంది. చుట్టుపక్కల లోహపు వస్తువులు పెట్టినా తీసినా సర్వీసు సెంటరుకి తెలపాలని."

"దానియేలుకి ఏ భాషలో ఇచ్చారయ్యా ఆ పుస్తకం?"

హర్షవర్ధన్ నవ్వాడు. "పుస్తకం డీలరుకే ఇస్తాం సార్. అందరికీ వివరించాల్సింది డీలరే."

"సరే. ఆ బెండు చెప్పిందా, చెప్పలేదా?"

"చెప్పింది సార్. నలభైసార్లు చెప్పింది. అదే మేమూ అంటున్నది."

"ఇల్లంటుకుంటే పక్కింటాయన చెవిలో మెల్లగా చెప్పి వచ్చేశానంటే ఒప్పుకుంటావా? ప్రాణం పోయే కబురు కూడా అదే గొంతుతో చెప్పమని రాసిన మనిషి ఎవరు? ఆయన పేరు ఈ కాగితంలో వెయ్యి, నేను సంతకం చేస్తాను. దాని కింద నా పేరూ వెయ్యి. మాట వినపడకపోయినా పరవాలేదని రాసింది నేను. దానియేలు పేరు మాత్రం తీసెయ్యి."

"మీరు ఎమోషనల్ అవుతున్నారు సార్. సంతకం లేకపోతే డీలర్‌షిప్ ఆలోచించాల్సి వస్తుంది."

"ఆలోచించుకో. కారు కాస్త పక్కకి తియ్యి, సరుకు బండి రావాలి."

ఆ సాయంత్రం సుభాషిణి ఒక సంగతి బయటపెట్టింది. బెండు కాళ్ళ మధ్య ఒక చుక్క ఉంది, పెట్టె అడుగున ఇంకోటి. అక్కడ అయస్కాంతం ఆనించి పదిదాకా లెక్కపెడితే కంపెనీ రాసినదంతా పోయి, తను మొదట రాసిన పాఠం తిరిగొస్తుంది. అది చిప్పులో కాల్చి రాసినది, హైదరాబాదు నుంచి చెరపడం కుదరదు.

"పదేళ్ళ బ్యాటరీ పద్నాలుగు నెలలకి పడిపోతుంది. వానకి కరెంటు పోతుంది, రొయ్య చస్తుంది. అందరూ నిన్నే తిడతారు," అంది.

"వారంలో పట్టుబడులు ఊపందుకుంటాయి. అయస్కాంతాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పు."

మైకుసెట్ల కొట్టులో కాలిపోయిన లౌడుస్పీకర్లు గుట్టపడి ఉన్నాయి. విప్పితే ఒక్కోదాంట్లో అరచేతి వెడల్పు అయస్కాంతం. యాభై దొరికాయి. కొట్టు మూసి, మెకానిక్కులిద్దర్నీ, సుభాషిణినీ వెంటేసుకుని కామేశం గట్లమీద పడ్డాడు. బయల్దేరుతుంటే సలోమి వచ్చి ఆటోలో కూర్చుంది. ఎవరూ పిలవలేదు, ఎవరూ దిగమనలేదు.

మొదట నరసింహరాజు గారి చెరువులకే వెళ్ళారు. రాజుగారు గట్టుకి అడ్డం నిలబడ్డారు.

"మళ్ళీ వానకి ఆగిపోతదంటారు. నా రొయ్యల సంగతేంటండి?"

"పోతే మళ్ళీ పిల్ల పోసుకుందురు రాజుగారూ."

"తేలిగ్గా అనేశారు."

సలోమి ముందుకొచ్చింది. "మీ చెరువే కదండి అది. మీకు ఆనవాలు లేకపోతే చెబుతాను, ఎక్కడ పడుకోబెట్టారో."

రాజుగారు పక్కకి తప్పుకున్నారు. మధ్యాహ్నానికి తన పడవ కూడా ఇచ్చారు.

ఆ పూట నుంచి పని వేగం పెరిగింది. చెరువు మనుషులకి రిబ్బను కట్టి ఒకసారి, విప్పి ఒకసారి చూపిస్తే చాలు, అయస్కాంతం లాక్కుని పక్క చెరువుకి వాళ్ళే పోయేవాళ్ళు. కంపెనీ తెర మీద పచ్చచుక్కలు ఒక్కొక్కటే ఆరిపోసాగాయి. హర్షవర్ధన్ ఫోను చేశాడు. "సార్, మీ ఏరియాలో బెండ్లు ఒకదాని వెనక ఒకటి చచ్చిపోతున్నాయి."

"చావట్లేదు. మీకు చెప్పడం మానేశాయి. పక్కనున్న పెట్టెకి చెబుతున్నాయి," అన్నాడు కామేశం.

తొమ్మిది రోజులకి పదిహేడు వందల డెబ్భై ఒక్క చెరువులయ్యాయి. ఇంకో నూట నలభై చెరువుల వాళ్ళు గట్టెక్కనివ్వలేదు. వాళ్ళ చెరువుల మనుషులకి మెయిన్ తీసి దిగమని సలోమి ఇంటింటికీ వెళ్ళి చెప్పింది. పదో రోజున డీలర్‌షిప్ రద్దు కాగితమూ, కంపెనీ ఆస్తిని పాడు చేశారంటూ మావయ్యకీ మేనకోడలికీ చెరొక నోటీసూ వచ్చాయి.

పన్నెండో రోజు మిట్టమధ్యాహ్నం ముదినేపల్లి వైపు ఒక చెరువు నుంచి తిట్లతో కబురొచ్చింది. కామేశం మోటారుసైకిలు మీద వెళ్ళాడు. పట్టుబడి మధ్యలో ఆగిపోయి ఉంది. ఇద్దరు మనుషులు మొలదాకా బురదతో గట్టు మీద కూర్చుని బీడీలు కాలుస్తున్నారు.

"ఏం బెండండి శెట్టిగారూ ఇది," అన్నాడు పెద్దవాడు. "ఇలా దిగామో లేదో టక్కుమని ఆపేసింది. మళ్ళీ వేశాం, మళ్ళీ ఆపింది. దిక్కుమాలింది. తీసుకుపోండి మీరే."

"ఎక్కడ దిగారు?"

"అదిగో, ఆ మూడో ఏరియేటరు కాడ."

కామేశం మెయిన్ తీయించి, చెప్పులు విడిచి, తీగ పట్టుకుని వెళ్ళాడు. మూడో ఏరియేటరు కింద బొటనవేలు పొడుగున తొడుగు చీలి, లోపలి రాగి ఎర్రగా కనపడుతోంది. వెనక గట్టు మీద వాళ్ళింకా సణుగుతూనే ఉన్నారు.

కొట్టులో, ఆయన బల్ల సొరుగులో దానియేలు చెరువు బెండు ఉంది. దానికి మాత్రం అయస్కాంతం ఆనించలేదు. కోర్టులో చూపించాలి. దాని బ్యాటరీ తొంభై ఏడు శాతం మిగిలింది. అదే గొంతుతో ఇంకా తొమ్మిదేళ్ళ ఎనిమిది నెలలు మాట్లాడగలదు. మిగతా పదిహేడు వందల డెబ్భై ఒకటీ పద్నాలుగు నెలలకి ఆరిపోతాయి. అప్పుడు మళ్ళీ కొత్తవి కావాలి. వాటికి కంపెనీ లేదు, డీలరు లేడు. పైగదిలో సుభాషిణి ఉంది, సోల్డరింగు పని నేర్చుకుంటున్న సలోమి ఉంది.

పోయింది: దానియేలు. అది ఏ వైపు రాసినా తీరేది కాదు.

వచ్చింది: ముదినేపల్లి గట్టు మీద బీడీ కాలుస్తూ, కామేశాన్ని తిట్టుకుంటున్న ఇద్దరు మనుషులు.